గుమ్మంలోకి పిలిచే మాట

మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద వాలితే నిద్రకూ మెలకువకూ మధ్య సన్నటి గట్టు ఒకటి కనిపిస్తుంది. దాని మీద నడుస్తుండగా ఎక్కడో దూరంగా మైకు బండి వస్తుంది. మొదట మాట రాదు, మోత వస్తుంది. తరవాత జీడితోటల మీదుగా సగం మాట, కొండకు తగిలి తిరిగొచ్చిన మిగతా సగం. ఆ రెండూ గాల్లో కలుసుకునేసరికి బండి ఇంకో ఊరు పోతుంది. నలభై ఏళ్లు అలాంటి బండిలో కూర్చున్నవాణ్ణి కనక ఆ మగతలో అది నా గొంతే అనుకుంటాను. లేచి చెవి ఒగ్గితే నాది కాదు. అసలు మనిషిదే కాదు. ఫోను చదువుతోంది.

నేను మైకులో ప్రకటనలు చెప్పేవాణ్ణి. గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. 'మైకోడొచ్చినాడు' అనేవారు. బట్టల కొట్టులో తగ్గింపు ధరలు, అమ్మవారి పండగ, నీళ్ల ట్యాంకు కడుగుతున్నారన్న కబురు, తప్పిపోయిన గేదె, పోయిన మనిషి, అన్నీ నా నోటి మీదుగానే వెళ్లేవి. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. మాస్టారు బాధపడ్డారని చెప్పుకోవాలనే ఉంది గానీ, హాజరు పట్టీలో నా పేరు కొట్టేసినప్పుడు ఆయన గీసిన గీత చాలా హుషారుగా ఉంది.

ఇప్పుడు నా గొంతు పోయింది. గట్టిగా మాట్లాడితే ఉన్న కాస్తా పోతుందని డాక్టరు చెప్పాడు. బండి నా కొడుకు సన్యాసి నడుపుతున్నాడు. వాడు మాట్లాడడు, ఇంటికి సరిపడా మాటలు నేనే ఖర్చు పెట్టేశాను. ప్రకటనల పని కోడలు గౌరి చూసుకుంటుంది. డిగ్రీ చదివిన పిల్ల. విషయం రెండు ముక్కల్లో ఫోనుకు చెబుతుంది, ఫోను పేజీడు రాస్తుంది, రాసింది ఆ ఫోనే మైకులో చదువుతుంది, బండి వీధులు తిరుగుతుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకీ, నలుగురికీ ఏదో ఒకటి రాసి చెప్పే ఏ పనిలో ఉన్నవాళ్లకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఫోనును తిట్టడానికి కాదు. దాని తప్పులన్నీ దానికంటే ముందే నేను చేశాను.

ఎవరు పోయారు బాబూ

నా మొదటి ప్రకటన ఒక బట్టల కొట్టుది. రాసుకోవడానికి మూడు రోజులు పట్టింది. పెళ్లి శుభలేఖల్లోంచి, సినిమా వాల్ పోస్టర్ల మీంచి, అమ్మవారి పండగ కరపత్రాల్లోంచి మాటలు ఏరుకొచ్చాను. 'మహాజనులారా, మీ జీవితాల్లో మరపురాని మహత్తర ఘట్టం, అపూర్వం, అనన్యసామాన్యం' అని గొంతు బరువు చేసి మొదలుపెట్టాను. మొదటి ఊళ్లో మూడో ఇంటి దగ్గర వాకిలి అలుకుతున్న ముసలమ్మ లేచి నిలబడి, చేతి పేడ చేతిలో ఉండగానే బండి ఆపించింది.

"ఎవులు పోనారు బాబూ?"

"ఎవరూ పోలేదు మామ్మా. చీరలు సగం ధరకి ఇస్తన్నారు."

"మరలాగ సెప్పకూడదేటి? అంతంత మాటలు సచ్చినోల్లకే కదేటి ఏస్తారు."

వెనక్కి వచ్చి ఈ సంగతి నవ్వుతూ మా యజమానికి చెప్పాను. మైకు సెట్ల కొట్టు ఆయనది, పేరు తవిటినాయుడు. ఆయన నవ్వలేదు. మర్నాడు తనే బండెక్కాడు. ఒక వీధిలో నా చేత చెప్పించి, మలుపులో బండి ఆపించి, దిగమన్నాడు. ఎదురుగా చేట పట్టుకున్న ఆడమనిషి కనిపించింది.

"ఎల్లి అడుగు, మైకులో ఏటి సెప్పేరని."

అడిగాను. ఆమె ఆలోచించి, "ఏదో గొప్పదంట" అంది.

తవిటినాయుడు బండి వెనక్కి తిప్పించాడు. అదే వీధి మళ్లీ. ఆ రోజు నాలుగుసార్లు ఆ వీధి తిరిగాం. నాలుగోసారికి ఆ వీధి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. అప్పటికి నా మాటల్లో సగం రాలిపోయాయి. చేట ఆమె ఈసారి అడక్కుండానే, "రేషను కొట్టు ఎదురుగా పసుపు రంగు కొట్టంట, నేత సీరలంట, ఆదివారం దాకానేనంట" అంది.

"ఒరే, మైకు మాటంటే ఏటనుకున్నావు?" అన్నాడాయన. "ఇన్నోడు పక్కింటోడికి సెప్పాల. నీ మాట పక్కింటికి ఎల్లిందా లేదా, అదొక్కటే సూసుకో."

ఆ తరవాత ఏళ్ల తరబడి నేను చేసింది అదే. చెప్పడం, దిగడం, అడగడం. 'అపూర్వం' అన్న మాట ఏ గుమ్మంలోంచీ ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. 'మహత్తరం' వెళ్లినది వెళ్లినట్టే పోయింది, ఇప్పటికీ ఏ కొండ చుట్టూ తిరుగుతోందో. ఏ వస్తువు, ఎక్కడ, ఎప్పటిదాకా, ఎవరిది, ఇవి మాత్రం పిల్లల్లా పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చేవి.

తవిటినాయుడు దేవుడేమీ కాదు. ఎన్నికలు వస్తే ఆయన పరీక్షలన్నీ అటకెక్కేవి. పొద్దున ఒక పార్టీ అభ్యర్థికి, సాయంత్రం రెండో పార్టీ అభ్యర్థికి నా చేత ఒకే కాగితం చదివించేవాడు. 'మీ ఇంటి బిడ్డ, మీ కష్టసుఖాల్లో తోడు.' ఒక ఊళ్లో సాయంత్రం ఒకావిడ బండికి అడ్డంగా నిలబడి, "పొద్దున్నొక బిడ్డని సెప్పినావు, ఇప్పుడొక బిడ్డంటన్నావు. ఎంతమందిని కన్నాన్రా నేను?" అని అడిగింది. మైకులో పాట వేశాను.

ఏడుపు రాలేదు

ఈ ఒక్క సంగతి రాయడం కష్టం. అందుకే జోకులు ముందే అయిపోగొట్టాను.

మనిషి పోతే పెద్దకర్మ కబురు చుట్టాలున్న ఊళ్లన్నిటికీ మైకులో పంపడం మా వైపు ఉంది. అలాంటి కబుర్ల కోసం నేనొక కాగితం తయారు చేసుకున్నాను. పేరు దగ్గర ఖాళీ, ఊరు దగ్గర ఖాళీ. మిగతాదంతా ఎప్పుడూ ఒకటే: 'అజాతశత్రువు, మమతానురాగాలకు మారుపేరు, తీరని లోటు.' బాగా పనిచేసింది. పదేళ్లు ఎవరూ ఏమీ అనలేదు.

రామినాయుడని ఒక రైతు పోయాడు. గట్టు తగువుల మనిషి. నీళ్ల కోసం, దారి కోసం, మేకల కోసం, ఏదీ లేని రోజున నిన్నటి తగువు కోసం, ఊరందరితో పోట్లాడినవాడు. నేను ఎప్పటిలాగే ఖాళీలో ఆయన పేరు పెట్టి, అజాతశత్రువని చదువుకుంటూ వాళ్ల వీధిలోంచే వెళ్లాను. రెండువైపులా అరుగుల మీద జనం నవ్వు ఆపుకోలేకపోయారు. నేను కూడా నవ్వాను, అదీ మైకు ఆపకుండా.

వారం తరవాత ఆయన భార్య కొట్టుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బల్ల మీద కూర్చుని స్పీకర్ల వైపు చూసింది.

"బాబూ, నువ్వు సెప్పింది ఎవుల్ని?"

"మీ ఆయన్నే కదమ్మా."

"కాదు. మా యాయన తగువులమారి. కానీ ఎవులి సూడి గొడ్డు ఈనుతున్నా రాత్రల్లా కాడ కూకునేవోడు, తెల్లారి ఆ గొడ్డుగలోడితోనే మల్లీ తగువాడీవోడు. ఆ మాటొక్కటి సెప్పుంటే నాను ఏడ్సుదును. నువ్వెవుల్నో సెప్పీసి ఎలిపోనావు. నాకు ఏడుపు రాలేదు."

లేచి వెళ్లిపోయింది. ఆ కాగితం చింపేశాను. ఆ తరవాత ఏ చావు కబురైనా ఇంటికి వెళ్లి, గడపలో కూర్చుని, పోయినవాళ్ల గురించి ఒక్క మాట అడిగి, అది పెట్టుకునే చెప్పాను. ఒకాయన పొందూరు పంచె తప్ప కట్టేవాడు కాదు. ఒకావిడ ఎవరింటికి వెళ్లినా కూరలో ఉప్పు చూసేది. మైకులో అది చెబుతుంటే అరుగుల మీద జనం లేచి నిలబడేవాళ్లు. అంతకంటే గొప్ప మాటలు నాకు రావు, రానివ్వలేదు కూడా.

ఫోనుకూ నాకూ తేడా ఏమిటని గౌరి ఒకసారి అడిగింది. ఇదే తేడా. అది రాసిన మాటకు ఏడుపు రాలేదని దాని దగ్గరికి ఎవరూ వచ్చి కూర్చోలేదు.

ఫోను రాసిన కాగితం

గౌరి బండి ఎక్కిన కొత్తలో ఫోను రాసిన కాగితాలు నాకు చూపించేది. ఏం అమ్మినా మొదటి వాక్యం 'నేటి వేగవంతమైన ప్రపంచంలో' అని ఉండేది. పాత్రల కొట్టుకైనా అంతే, పశువుల దాణాకైనా అంతే. ప్రతిదీ 'కీలక పాత్ర' పోషించేది. ఏదీ ఊరికే ఉండేది కాదు, 'కేవలం అది మాత్రమే కాదు, ఇది కూడా' అయ్యేది. పెరుగు డబ్బా కొనడం ఒక ప్రయాణం, తాగునీరు ఒక సుసంపన్నమైన అనుభూతి.

"అమ్మా గౌరీ, దాణా కీలక పాత్ర పోషిస్తే మరి గేదె ఏం సెయ్యాల?" అన్నాను.

నవ్వింది. తరవాత నవ్వకుండా ఒక మాట అంది. "ఫోను రాస్తే గౌరవంగా ఉంటాది మావా. మనం రాస్తే మనమెవులిమో తెలిసిపోద్ది."

శుభలేఖల్లోంచి మాటలు ఏరుకున్న రోజున నా భయం కూడా అదే. బడి మానేసిన సంగతి ఎవరికీ తెలియకుండా ఆ మాటల వెనక నిలబడ్డాను. పెద్ద మాట దుప్పటి లాంటిది. కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది, కాకపోతే లోపల ఎవరున్నారో బయటివాళ్లకు తెలియదు. తెలియకపోతే ఎవరూ పలకరించరు.

ఈ మాటలు అప్పుడు నేను గౌరికి చెప్పలేదు. చెబితే అది కూడా మైకు మాటలాగే చెవి పక్కనుంచి పోతుందనిపించింది.

పోలమ్మ

మొన్న మినప కళ్లాల రోజుల్లో ఒక పొద్దున, ఎర్రయ్య అనే చేపల వ్యాపారి మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. అతని కూతురు మా వీధిలోనే కాపురం ఉంటోంది, ఆమెకు పుట్టిన బిడ్డను చూపించడానికి తల్లి పోలమ్మను తీసుకొచ్చాడు. ముసలామెకు మరుపు. తెల్లవారేసరికి మంచం ఖాళీ.

గౌరి వెంటనే ఫోనుకు చెప్పింది, ఫోను రాసింది, బండి బయల్దేరింది. ఊళ్లోనూ, చుట్టూ ఉన్న దారులన్నిటిలోనూ రెండు గంటలు తిరిగింది. కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద సముద్రం వైపు రోడ్డంతా వెతికారు. ఇంటికెళ్లాలని అటే వెళ్లుంటుందని అందరి నమ్మకం. ఎండ ఎక్కుతోంది. పక్కనే రైలు కట్ట. అందరూ అటే చూస్తున్నారు.

బండి తిరిగొచ్చాక కాగితం అడిగి చూశాను. 'ప్రియమైన ప్రజలారా, నేటి వేగవంతమైన ప్రపంచంలో మానవ సంబంధాలు ఎంతో అమూల్యమైనవి. ఒక వృద్ధ మహిళ కనిపించకపోవడం కేవలం ఒక కుటుంబ సమస్య మాత్రమే కాదు, మనందరి మానవత్వానికి ఒక పరీక్ష. ఆమె ఆచూకీ కనుగొనడంలో మీ సహకారం కీలక పాత్ర పోషిస్తుంది.' కింద వయసు, రంగు, తెల్ల జుట్టు. ఒక్క ఒత్తు తప్పలేదు, నేను రాస్తే నాలుగు తప్పేవాణ్ణి. ముసలామె మాత్రం అందులో లేదు.

ఎర్రయ్యను కూర్చోబెట్టాను. "ఎలగుంటాది మీ యమ్మ?"

"అందరిలాగే ఉంటాది బాబూ. ముసిల్ది."

"అందరిలాగే ఉంటే ఎతకడమెందుకు? దారిలో కనబడ్డ ముసిల్దాన్ని తీసుకుపో."

కోపంగా చూశాడు. తరవాత ఏడవబోయి నవ్వాడు. అప్పుడు అతని తల్లి అతని నోట్లోంచి బయటికి రావడం మొదలుపెట్టింది.

"నెత్తి మీద గుడ్డ సుట్ట ఉంటాది బాబూ. సేపల గంప మోసీ మోసీ, ఇప్పుడు గంప లేకపోయినా సుట్ట తియ్యదు. తీస్తే తిడతాది."

"ఇంకా?"

"ఎవులు కనబడినా గాలెటుందని అడుగుతాది."

"ఎందుకు?"

"మా ఊర్లో గాలి సముద్రం మీంచొస్తాది కదా. మొగానికి గాలి కొడితే ఇంటికెల్తన్నాననుకుంటాది."

వాకిట్లోకి వెళ్లి గుప్పెడు దుమ్ము తీసి వదిలాను. పొద్దుటి గాలి ఇంకా మారలేదు. సముద్రం వైపు నుంచి కాదు, కొండల వైపు నుంచి వస్తోంది. మేమందరం ఆమెకు వీపు తిప్పి వెతుకుతున్నాం.

గౌరి ఫోను తీసింది. "సెప్పు మావా, రాయించి సదివిస్తాను."

"వద్దు. నువ్వే సెప్పు."

"నా గొంతు బాగోదు. నలుగురూ నవ్వుతారు."

"నవ్వాలన్నా ఇనాల కదమ్మా. ముందు ఇననీ."

నలుగురం ఎక్కాం. సన్యాసి బండి నడుపుతున్నాడు, ఎర్రయ్య అతని పక్కన. కొండల వైపు దారి పట్టాం. గౌరి మైకు నోటి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "గౌరవనీయులైన గ్రామ ప్రజలకు..." అని ఆగింది. గొంతు వణికింది, స్పీకరులో ఆ వణుకు ఊరంత పెద్దదిగా వినబడింది. నా వైపు చూసింది. మైకు మోతలో వినబడేంత గట్టిగా మాట్లాడలేను కనక ఊరికే ఎదురుగా ఉన్న గుమ్మం చూపించాను. అందులో ఒకావిడ బిడ్డకు తల దువ్వుతోంది.

గౌరి ఆవిడతోనే మాట్లాడింది.

"అమ్మా, ఒక ముసలమ్మ తప్పిపోయింది. పేరు పోలమ్మ. సముద్రం కాడి మనిషి. నెత్తి మీద గుడ్డ సుట్ట ఉంటాది, గంప ఉండదు. కనబడినోల్లని గాలెటుందని అడుగుతాది. మిమ్మల్నెవుల్నైనా అడిగిందేటి?"

దువ్వెన ఆగింది. అది మొదటిది. తరవాత వీధి పొడుగునా గుమ్మాల్లోకి మనుషులు రావడం చూశాను. నలభై ఏళ్లలో చాలాసార్లు చూసిందే, అయినా ఎప్పుడూ కలలోలా ఉంటుంది, గోడలే మనుషులైనట్టు. రైల్వే గేటు దగ్గర టీ కొట్టతను గిన్నె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. "నన్నడిగింది. కొండమీంచి మామ్మా అన్నాను. నవ్వీసి గేటు దాటి ఎల్లిపోనాది."

రైలు కట్ట మీద లేదు, గేటు దాటింది. ఆ మాటకు ఎర్రయ్య మొదటిసారి ఊపిరి తీసుకున్నాడు.

తరవాతి ఊరు చివర ఒకావిడ చేట ఊపుతూ ఎదురొచ్చింది. "గాలడిగీ ముసిల్దేనా? మా కల్లంలో ఉన్నాది. ఎవులి సుట్టమో అనుకున్నాం."

"పొద్దున్న మైకు ఇనలేదేటి?" అంది గౌరి.

"ఇన్నాం. మానవత్వమంటే ఓట్లోల్లనుకున్నాం."

కళ్లంలో ఎండ పచ్చగా ఉంది. మినప పొట్టు గాల్లో లేచి, ఆగి, మెరిసి, మెల్లగా దిగుతోంది. చేటలెత్తిన ఆడవాళ్ల మధ్య చిన్న మనిషి నిలబడి ఉంది, నెత్తి మీద గుడ్డ చుట్ట, ముఖం గాలికి ఎదురుగా. ఒక చెయ్యి పైకెత్తింది. "ఆగండి... ఆగండి... ఇప్పుడొయ్యండి." అందరూ ఒక్కసారి చేటలు వంచారు. పొట్టు ఒక పక్కకు పోయింది, గింజలు నిటారుగా రాలాయి. ఇంత బాగా గాలి తెలిసిన మనిషిని ఎవరివమ్మా అని అడగడానికి వాళ్లకు తీరిక దొరకలేదు.

ఎర్రయ్య దగ్గరికి వెళ్లాడు. ఆమె అతన్ని గుర్తు పట్టిందో లేదో తెలియదు. "గాలెటురా?" అంది.

"ఇంటికెల్లీ గాలేనే అమ్మా" అన్నాడు.

కళ్లం ఆడవాళ్లు పోసిన రాగి అంబలి తాగి, వచ్చి బండెక్కింది.

తిరుగు దారి

తప్పిపోయిన మనిషి దొరికితే, వెతకమని చెప్పిన వీధులన్నీ మళ్లీ తిరిగి దొరికిందని చెప్పాలి. ఈ పని ఎవరూ చెప్పరు, చెయ్యకపోయినా అడగరు. చెయ్యకపోతే మాత్రం ఆ వీధుల వాళ్లు అన్నం ముందు కూర్చుని కూడా బయటికి చూస్తూనే ఉంటారు.

నేను చెప్పకముందే గౌరి మైకు తీసుకుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. పోలమ్మ పక్కనే కూర్చుని హారను స్పీకరు వైపు వింతగా చూస్తోంది.

"అమ్మా, పోలమ్మ దొరికింది. ఇంకెతకొద్దు. సోడంబలి తాగింది, కడుపు నిండా తాగింది. ఇంటికి తీసుకెల్తన్నాం."

నలభై ఏళ్లలో ఎన్ని దొరికిన కబుర్లు చెప్పానో నాకు గుర్తు లేదు. దొరికింది, క్షేమం, ధన్యవాదాలు. అంతవరకే చెప్పేవాణ్ణి. తిన్నదో లేదో నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

"అంబలి మాట ఎందుకు పెట్టినావు?" అని గుసగుసగా అడిగాను.

"అదేటి మావా, అందరూ ముందు అదే కదా అడుగుతారు" అంది, మైకు ఆపడం మరిచిపోయి.

వీధంతా వింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు తలూపి, ఒక్కొక్కరే లోపలికి వెళ్లి అన్నాలకు కూర్చున్నారు.